ఐరా హేస్: నది ఎండిన ఊరి రైతుబిడ్డ, నిజం దాచని సైనికుడు

కొండ మీద ఆరుగురు సైనికులు జెండా కర్రను నిలబెడుతున్న ఫోటోను మీలో చాలామంది ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం అనగానే అమెరికాలో ముందుగా గుర్తుకొచ్చే ఫోటో అదే. అందులో ఎడమ చివర, కర్ర అందీ అందనట్టుగా చేతులు చాచి ఉన్న మనిషి ఒక ఆదివాసీ. పేరు ఐరా హేస్. ఆయనది వేరే దేశం, వేరే తెగ. అయినా ఆయన జీవితం మన యువతీ యువకులకు తెలియాలని ఈ సంచికలో ఆయనను స్మరించుకుంటున్నాం.

ఐరా హేస్ 1923 జనవరి 12న అరిజోనా రాష్ట్రంలో, గీలా నది రిజర్వేషన్‌లోని సకటోన్‌లో జన్మించారు. ఆరుగురు పిల్లల్లో ఆయనే పెద్ద. తండ్రి జోసెఫ్ రైతు, మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. బయటివాళ్ళు వీరిని పీమాలంటారు. వీరు మాత్రం తమను అకిమెల్ ఓఒధమ్ అని చెప్పుకుంటారు. నది మనుషులు అని దాని అర్థం. తరతరాలుగా గీలా నది నుంచి కాలువలు తవ్వుకుని మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి, పత్తి పండించారు. 19వ శతాబ్దంలో బంగారం కోసం కాలిఫోర్నియా వెళ్ళే బాటసారులకు గోధుమలు అమ్మింది వీరే. తరువాత ఎగువన స్థిరపడిన వలసదారులు నదినీళ్ళు మళ్ళించుకున్నారు. పంటలు పోయాయి, కరువు వచ్చింది. ఐరా పుట్టేనాటికి నది మనుషులకు నది లేకుండా పోయింది. నీళ్ళు పోతే ఏమవుతుందో మన పెద్దలను అడిగితే చెబుతారు.

ఆయన ఫీనిక్స్‌లోని ఇండియన్ స్కూల్లో రెండేళ్ళు చదివారు. కొంతకాలం వడ్రంగి పని చేశారు. 1942 ఆగస్టులో, 19 ఏళ్ళ వయసులో, అమెరికా నౌకాదళ శాఖ కింద ఉండే మెరైన్ దళంలో చేరారు. పారాచూట్ శిక్షణ పూర్తి చేశారు. పసిఫిక్ దీవుల్లో, బోగన్‌విల్ మీద పోరాడి వచ్చి, మళ్ళీ యుద్ధానికే వెళ్ళారు.

1945 ఫిబ్రవరి 19న జపాన్‌కు చెందిన ఇవో జీమా దీవి మీద మెరైన్లు దిగారు. అయిదో రోజున, ఫిబ్రవరి 23న, సూరిబాచి కొండ మీద ముందు ఎగరేసిన చిన్న జెండా స్థానంలో పెద్దది నిలబెట్టారు. అప్పుడే జో రోసెంతల్ ఆ ఫోటో తీశారు. యుద్ధం మాత్రం అక్కడితో ముగియలేదు. ఇంకో నెల రోజులు నడిచింది. ఫోటోలోని ఆరుగురిలో ముగ్గురు ఆ దీవి మీదే చనిపోయారు.

ఫోటో దేశమంతా పాకింది. అందులో ఉన్నవారెవరో చెప్పాలని పైనుంచి ఒత్తిడి వచ్చింది. తన పేరు బయటపెట్టవద్దని హేస్ తోటి సైనికుడికి గట్టిగా చెప్పారు. అయినా పేరు బయటికి వచ్చింది. యుద్ధ బాండ్లు అమ్మడానికి ఆయనను ఊరూరా తిప్పారు. విందులు, చప్పట్లు, కరచాలనాలు. స్నేహితులను పోగొట్టుకుని వచ్చిన మనిషికి అవి రుచించలేదు. తాగుడు ఎక్కువైంది. యాత్ర మధ్యలోనే ఆయనను తిరిగి దళానికి పంపేశారు.

ఆయనను వేధించిన విషయం ఇంకొకటి ఉంది. ఫోటోలో కర్ర మొదలు దగ్గర వంగి ఉన్నది టెక్సస్ కుర్రాడు హార్లన్ బ్లాక్. అధికారులు మాత్రం ఆ స్థానంలో వేరొకరి పేరు ప్రకటించారు. హేస్ ఆ తప్పు చెప్పారు. పేర్లు ఇప్పటికే ప్రకటించాం కాబట్టి నోరు మెదపవద్దని పై అధికారి అన్నారు. బ్లాక్ తల్లి ఒక్కతే ఆ వీపు తన కొడుకుదేనని నమ్మింది.

సైన్యం నుంచి విడుదలై ఇంటికి వచ్చాక, 1946లో హేస్ బయలుదేరారు. కొంత దూరం నడిచి, కొంత దూరం దారినపోయే బండ్లెక్కి, దాదాపు 2,000 కిలోమీటర్లు వెళ్ళి టెక్సస్‌లో బ్లాక్ తండ్రి పొలానికి చేరారు. ఫోటోలో ఉన్నది మీ అబ్బాయేనని చెప్పి తిరిగి వచ్చారు. 1947లో ప్రభుత్వం ఆ తప్పు సరిదిద్దింది. ఆయన చేసిన సాహసాల్లో మేము అన్నిటికన్నా పెద్దదిగా ఎంచేది ఇదే. ఎవరూ ఆజ్ఞాపించలేదు, ఎవరూ ఫోటో తీయలేదు.

ఇంటి దగ్గర ఆయన పత్తి ఏరారు, దొరికిన కూలి పని చేశారు. దేశానికి వీరుడైన ఈ మనిషికి అరిజోనాలో ఓటు లేదు. రిజర్వేషన్ ఆదివాసులకు ఆ రాష్ట్రంలో ఓటు హక్కు 1948లో కోర్టు తీర్పుతోనే వచ్చింది. యుద్ధం మిగిల్చిన గాయానికి ఆ రోజుల్లో వైద్యం లేదు. తాగి ఉన్నందుకు 50 సార్లకు పైగా అరెస్టయ్యారు. 1954 నవంబరు 10న ఆ ఫోటో ఆధారంగా పోతపోసిన కంచు స్మారకాన్ని ఆర్లింగ్టన్‌లో ఆవిష్కరించినప్పుడు దేశాధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌తో పాటు ఆయనా అక్కడ ఉన్నారు. మూడు నెలలు తిరగకుండానే, 1955 జనవరి 24న, సకటోన్ దగ్గర ఒక పాడుబడిన గుడిసె పక్కన, చలిలో చనిపోయి కనిపించారు. వయసు 32. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

దశాబ్దాల తరువాత ఆ ఫోటోను మళ్ళీ పరిశీలించారు. బాండ్ల యాత్రలో ఆయనతో తిరిగిన మిగతా ఇద్దరూ ఆ ఫోటోలో లేరని మెరైన్ దళం 2016లో ఒకరి గురించి, 2019లో మరొకరి గురించి తేల్చింది. ఆ ముగ్గురిలో నిజంగా ఫోటోలో ఉన్నది, అందులో తన పేరే వద్దన్న హేస్ ఒక్కరే. గీలా నది ప్రజల నీటి హక్కును గుర్తిస్తూ 2004లో చట్టం వచ్చింది. తరాల పోరాటం తరువాత వచ్చిన ఆ న్యాయం చూడడానికి ఆయన లేరు.

యువ మిత్రులారా, ఆయనను తాగుబోతుగా చూసి నవ్విన వాళ్ళున్నారు, విగ్రహంగా చూసి దండం పెట్టిన వాళ్ళున్నారు. ఆయన ఊరికి నీళ్ళు ఎందుకు లేవని అడిగినవాళ్ళే తక్కువ. మనవాళ్ళను ఎవరైనా వేదికెక్కించి సన్మానిస్తే సంతోషిద్దాం. దానితో పాటు భూమి, నీళ్ళు, ఓటు సంగతి కూడా అడుగుదాం. దూరాన కష్టపడి ఇంటికొచ్చిన అన్న మౌనంగా ఉంటే, మందు గ్లాసు అందించకుండా పక్కన కూర్చుందాం. ఎవరి పేరైనా అన్యాయంగా చెరిగిపోతే, ఎంత దూరమైనా వెళ్ళి నిజం చెబుదాం. ఐరా హేస్‌కు మేము అర్పించగల నివాళి ఇదే.