కాషాయం కట్టిన అణుశాస్త్రవేత్త – స్వామి జ్ఞానానంద

సర్కారు కొలువు 55 ఏళ్లకే ముగిసే ఆ రోజుల్లో, ఆ వయసు దాటిన ఒక సన్న్యాసి విశాఖపట్నంలో కేంద్రక భౌతికశాస్త్రానికి పునాది వేశారు. ఆయనే స్వామి జ్ఞానానంద.

పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో 1896 డిసెంబరు 5న జన్మించారు. అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేశారు. 1920ల చివర జర్మనీ వెళ్లి యోగ, వేదాంత ప్రసంగాలు చేస్తుండగా ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన మనసును పట్టుకుంది. ముప్పై దాటాక డ్రెస్డెన్‌లో మళ్లీ విద్యార్థిగా కూర్చుని గణితం, భౌతికశాస్త్రం నేర్చుకున్నారు. ప్రేగ్‌లోని ఛార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధించి 1936లో డాక్టరేటు పొందారు.

తరువాత లివర్‌పూల్ చేరారు. అక్కడ న్యూట్రాన్‌ను కనుగొన్న జేమ్స్ ఛాడ్విక్ వద్ద పనిచేశారు. ఛాడ్విక్, గోల్డ్‌హేబర్‌తో కలిసి 1934లోనే గామా కిరణాలతో డ్యూటరాన్‌ను విడగొట్టారు. ఒక ప్రోటాను, ఒక న్యూట్రాను సడలుగా కలిసివున్న కేంద్రకమది.

సడలు బంధం అంటే ఏమిటో అనంతపురం రైతుకు వేరే చెప్పనక్కరలేదు. శెనక్కాయ చెట్టు పెరికేటప్పుడు ఊడ గట్టిగా ఉంటే కాయ చెట్టుతోనే వస్తుంది. ఊడ సడలితే చిన్న కుదుపుకే తెగి మట్టిలో ఉండిపోతుంది. చాలా కేంద్రకాల నుంచి ఒక న్యూట్రాను ఊడదీయాలంటే సుమారు 80 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. డ్యూటరాన్‌కు 22 లక్షలు చాలు. ఇటువంటిది మరో కేంద్రకాన్ని తాకినప్పుడు, అది ముక్కలయ్యే అవకాశాన్నీ లెక్కలో చేర్చక తప్పదు. విడిపోయిన ముక్కల శక్తికి అంతులేని విలువలుండవచ్చు. ఆ విలువలను చిన్నచిన్న మెట్లుగా విభజించి, అన్నిటినీ కలిపి లెక్కగట్టే పద్ధతి 1970ల తరువాత స్థిరపడింది. 1985లో తనిహాతా బృందం లిథియం-11 కేంద్రకం అసాధారణంగా పెద్దదని కనుగొన్నాక, ఆ లెక్కల అవసరం మరింత పెరిగింది.

స్వామీజీ ఈ లెక్కలను చూడలేదు. ఆయన విద్య కొలత. కేంద్రకం వెలువరించే బీటా కణాల శక్తిని నికరంగా కొలవడం ఆయన పని. సరైన కొలత లేనిదే ఏ సిద్ధాంతమూ నిలవదు కదా!

అమెరికాలోని మిచిగన్‌లోనూ కొంతకాలం పరిశోధించారు. పాత్రలోని గాలిని తోడి శూన్యం సాధించే విధానాలపై ఆయన రాసిన గ్రంథం 1947లో న్యూయార్క్‌లో వెలువడింది. స్వదేశం తిరిగివచ్చి ఢిల్లీ జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేశారు. 1954లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, 1956లో కేంద్రక భౌతికశాస్త్ర శాఖను నెలకొల్పారు. పరికరాలు సమకూర్చారు, శిష్యులను తయారుచేశారు. 1965లో పదవీ విరమణ చేశారు. 1969 సెప్టెంబరు 21న కన్నుమూశారు. అక్కడి కేంద్రక పరిశోధనశాలలకు ఆయన పేరే పెట్టారు.

అన్నీ వదులుకున్న మనిషి మళ్లీ పలక పట్టారు. ఆయన వెనక వదిలివెళ్లిన ఆస్తి ఒక ప్రయోగశాల, అందులో కొలవడం నేర్చిన శిష్యులు. విశ్రాంత జీవితంలో కొత్తగా ఏమి నేర్చుకుంటాంలే అనుకునే మనకు ఆ జీవితం గుర్తుండవలసినది.