పేగుల్లో ఆశను వెతికిన మెచ్నికాఫ్

పేగుల్లోని బ్యాక్టీరియాకూ మనసు కుంగిపోవడానికీ సంబంధం ఉందా అన్న ప్రశ్నపై ఇవాళ ప్రపంచమంతటా పరిశోధనలు జరుగుతున్నాయి. దీని వెనక ఉన్న ఆలోచన మాత్రం నూరేళ్ల కంటే పాతది. పేగుల్లోని సూక్ష్మజీవులు మనిషి ఆరోగ్యాన్నీ ఆయుష్షునూ ప్రభావితం చేస్తాయని లోకమంతటికీ వినిపించేలా చెప్పిన తొలి శాస్త్రవేత్తల్లో ఎలీ మెచ్నికాఫ్ ముఖ్యుడు. కుంగుబాటు ఆయనకు పుస్తకాల్లో చదివి తెలుసుకున్న విషయం కాదు. జీవితంలో రెండుసార్లు ఆయన ప్రాణం తీసుకోబోయారు.

మెచ్నికాఫ్ 1845లో అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ ప్రాంతంలో పుట్టారు. నాలుగేళ్ల విశ్వవిద్యాలయ చదువును రెండేళ్లలోనే ముగించిన చురుకైన విద్యార్థి. 1869లో లుద్మిలాను పెళ్లి చేసుకున్నారు. అప్పటికే క్షయ ముదిరి నడవలేని స్థితిలో ఉన్న పెళ్లికూతురిని కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకెళ్లారు. ఆ మరుసటి ఏడాది ఆయన ఒడెస్సాలో ప్రొఫెసర్ అయ్యారు. భార్యను బతికించుకోవడానికి చేయని ప్రయత్నం లేదు. వెచ్చని గాలి కోసం తీసుకెళ్లిన మదీరా దీవిలోనే 1873లో ఆమె కన్నుమూశారు. ఆ దుఃఖంలో ఆయన చనిపోవాలనుకున్నారు, కానీ బతికి బయటపడ్డారు.

1875లో ఓల్గాతో రెండో పెళ్లి జరిగింది. కొన్నేళ్లకు ఆమె టైఫాయిడ్‌తో చావు అంచుదాకా వెళ్లారు. 1881లో జార్ రెండో అలెగ్జాండర్ హత్య తర్వాత విశ్వవిద్యాలయాల మీద ప్రభుత్వ ఒత్తిడి పెరిగింది. ఇంట్లో బెంగ, బయట కలహాలు, అప్పటికే బలహీనపడిన గుండె ఆయన్ను మళ్లీ కుంగదీశాయి. ఈసారి తిరగబెట్టే జ్వరం సోకిన రోగి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నారు. చావు కూడా శాస్త్రానికి పనికిరావాలనుకున్నారు. తీవ్రంగా జబ్బుపడి, చివరికి కోలుకున్నారు.

ఆ మరుసటి ఏడాదే ఆయన జీవితం మలుపు తిరిగింది. ఇటలీలోని మెస్సీనా పట్టణంలో, గాజులా పారదర్శకంగా ఉండే నక్షత్ర చేప పిల్లల శరీరంలోకి సన్నని ముళ్లు గుచ్చి చూశారు. తెల్లారేసరికి ముళ్ల చుట్టూ కణాలు గుమిగూడి ఉన్నాయి. ఒంట్లోకి చొరబడిన శత్రువును మింగేసే కణాలు మనలో ఉన్నాయన్న సిద్ధాంతం అక్కడే పుట్టింది. అదే ఆయనకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిసి నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది.

1888లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాక ఆయన దృష్టి క్రమంగా ముసలితనం మీదకు మళ్లింది. పెద్దపేగులో కుళ్లు పుట్టించే బ్యాక్టీరియా విడుదల చేసే విషాలు శరీరాన్ని మెల్లగా పాడుచేస్తాయని ఆయన నమ్మారు. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియా వాటికి అడ్డుకట్ట వేయగలదని భావించారు. బల్గేరియాలో పుల్లటి పెరుగు తినే పల్లెవాసులు ఎక్కువ కాలం బతుకుతారన్న మాట ఆయన్ను ఆకర్షించింది. ఆ పెరుగులోని బ్యాక్టీరియాను బల్గేరియా యువకుడు స్టామెన్ గ్రిగోరోవ్ 1905లో గుర్తించారు. తోడుపెట్టిన పాలు తాగడం మెచ్నికాఫ్‌కు రోజువారీ అలవాటైంది.

1907లో వచ్చిన పుస్తకానికి ఆయన ఆశావాద అధ్యయనాలు అని ఉపశీర్షిక పెట్టారు. యవ్వనంలో నిరాశలో కూరుకుపోయి, వయసు పెరిగేకొద్దీ జీవితాన్ని ప్రేమించడం నేర్చుకున్న ఒక స్నేహితుడి కథ అందులో ఉంది. ఆ స్నేహితుడు ఆయనే. గమనించాల్సిన విషయం ఏమిటంటే, తన మార్పును ఆయన పెరుగు ఖాతాలో వేయలేదు. జీవితం మీద మమకారం వయసుతో పరిపక్వమవుతుందని వివరించారు.

ఆయన పాటించిన ఈ నిగ్రహాన్ని లోకం పాటించలేదు. పాల బ్యాక్టీరియా మాత్రలు, పొడులు మార్కెట్‌ను ముంచెత్తాయి. 1910లో లండన్‌లో జార్జ్ పోర్టర్ ఫిలిప్స్ అనే వైద్యుడు తీవ్ర విషాదంలో ఉన్న 18 మంది రోగులకు ఈ బ్యాక్టీరియా ఇచ్చి, 11 మంది కోలుకున్నారని ప్రకటించారు. బ్యాక్టీరియా ఇవ్వని రోగులతో పోల్చి చూడని ప్రయోగం అది. మెచ్నికాఫ్ మరణం తర్వాత పరిస్థితి ఇంకా విషమించింది. శరీరంలో దాగిన ఇన్ఫెక్షనే మానసిక రోగాలకు మూలమన్న నమ్మకంతో, అమెరికాలోని న్యూజెర్సీలో హెన్రీ కాటన్ అనే వైద్యుడు రోగుల పళ్లు పీకించి, పెద్దపేగులు కోసి తీయించారు. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. చివరికి ఈ సిద్ధాంతాలన్నీ అపహాస్యం పాలై మూలనపడ్డాయి.

ఈ ప్రశ్నకు మళ్లీ ప్రాణం పోసింది 2004లో జపాన్ పరిశోధకుల ప్రయోగం. పేగుల్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలు ఒత్తిడికి మామూలు ఎలుకల కంటే ఎక్కువగా స్పందించాయి. 2019లో బెల్జియంలో వెయ్యి మందికి పైగా జరిపిన అధ్యయనంలో, కుంగుబాటు ఉన్నవారిలో రెండు రకాల పేగు బ్యాక్టీరియా తక్కువగా కనిపించింది. అయితే బ్యాక్టీరియా తగ్గడం వల్ల కుంగుబాటు వచ్చిందా, కుంగుబాటుతో తిండీ నిద్రా దెబ్బతిని బ్యాక్టీరియా తగ్గిందా అన్నది ఇలాంటి అధ్యయనం తేల్చలేదు.

మెచ్నికాఫ్ చాలా చోట్ల పొరబడ్డారు. ఆయన నమ్ముకున్న బల్గేరియా బ్యాక్టీరియా మన పేగుల్లో స్థిరపడదని తర్వాత తేలింది. నూటయాభై ఏళ్లు బతకవచ్చని ఊహించిన మనిషి 71 ఏళ్లకే, 1916 జులైలో, ప్రపంచ యుద్ధం మధ్య గుండె జబ్బుతో మరణించారు. ఆయన చితాభస్మం పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ గ్రంథాలయంలో ఉంది.

అయినా మనతో కలిసి బతికే సూక్ష్మజీవుల్లో శత్రువులే కాదు, మిత్రులూ ఉంటారన్న ఆయన చూపు నిలబడింది. ఇవాళ ప్రోబయాటిక్ డబ్బాల మీద ఉత్సాహం, ఆనందం అమ్ముడవుతున్నాయి. పెరుగు మంచి ఆహారమే కానీ, కుంగుబాటుకు చికిత్సకు బదులు కాదు. రెండుసార్లు చీకట్లో మునిగి, తర్వాత ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి నోబెల్ అందుకున్న మనిషి జీవితం చెప్పేది ఇంకొకటుంది. ఇక బతకలేమనిపించిన క్షణం ఎంత నిజంగా తోచినా, అదే చివరి మాట కానక్కర్లేదు.