పొలంలోని పాత పడవ – కెప్టెన్ జాషువా స్లోకం

కాలం మారేసరికి చేతిలోని విద్యకు విలువ తగ్గిపోవడం మనలో చాలామందికి తెలిసిన బాధే. వంద సంవత్సరాలకు పైగా క్రితం ఆ బాధ పడిన వారిలో కెప్టెన్ జాషువా స్లోకం ఒకరు.

స్లోకం 1844 ఫిబ్రవరి 20న కెనడాలోని నోవాస్కోషియాలో జన్మించారు. తండ్రి జాలరులకు బూట్లు కుట్టేవారు. పదహారో ఏట ఇల్లు విడిచి సముద్రాన్ని నమ్ముకున్న స్లోకం క్రమంగా తెరచాప ఓడలకు కెప్టెన్ అయ్యారు. 1884లో భార్య వర్జీనియా మరణించారు. 1887లో ఆయన సొంత ఓడ బ్రెజిల్ తీరాన మెట్టెక్కి పాడైపోయింది. అప్పటికే ఆవిరి ఓడలు వచ్చి తెరచాప ఓడల కెప్టెన్లను అడిగేవారు కరువయ్యారు.

1892లో పాత మిత్రుడొకరు ఓడ ఇస్తాను, కొంచెం మరమ్మతు ఉందన్నారు. స్లోకం అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ వెళ్లి చూస్తే, సముద్రానికి దూరంగా ఒక పొలంలో, గుడ్డ కప్పిన శిథిలమైన చేపల పడవ కనిపించింది. పేరు స్ప్రే. మిత్రుడు పరిహాసమాడారు. విప్పి కట్టెలుగా అమ్ముతారనుకున్నారు ఊరివారు. స్లోకం మాత్రం గొడ్డలి పట్టి దగ్గరలోని ఓక్ చెట్టు కొట్టి, పడవ అడుగు దూలం చెక్కారు. ఆవిరిపట్టి వంచిన కర్రలతో పక్కటెముకలు నిలిపారు. పైన్ పలకలు బిగించి, సందుల్లో నూలు, నార దట్టించారు. పాత భాగాలు ఒక్కొక్కటిగా మారుస్తూ 13 నెలలు శ్రమించారు. సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. పొడవు 36 అడుగుల 9 అంగుళాలు.

ఆ పడవతో చేపలు పడదామని ఒక సీజను ప్రయత్నించారు. ఆ విద్య అబ్బలేదు. చివరకు 1895 ఏప్రిల్ 24న, 51వ ఏట, బోస్టన్ నుంచి ఒంటరిగా ప్రపంచయాత్రకు బయలుదేరారు. గడియారంగా ఒక డాలరుకు కొన్న రేకు గడియారమే దిక్కు. ఆయనకు ఈత కూడా రాదు.

ఒంటరివాడు నిద్రపోతే పడవను నడిపేదెవరు? తెరచాపలను గాలికి సరిగా సర్ది, చుక్కాని చక్రాన్ని తాడుతో కడితే స్ప్రే తన దారిన తాను పోయేది. హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవులకు 2,700 మైళ్లు 23 రోజుల్లో దాటినప్పుడు, ఆయన చుక్కాని పట్టింది మూడు గంటలకు మించలేదు. దక్షిణ అమెరికా కొసన రాత్రిళ్లు దొంగలు ఎక్కకుండా పడవపై మేకులు పరిచి నిద్రించారు.

46,000 మైళ్లు తిరిగి 1898 జూన్ 27న న్యూపోర్ట్ చేరారు. ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టిన మొదటి మనిషి ఆయనే. 1900లో వచ్చిన యాత్రా గ్రంథం నేటికీ ముద్రణలో ఉంది.

దాదాపు పదేళ్ల తర్వాత అదే పడవలో మళ్లీ ఒంటరిగా వెళ్లిన స్లోకం తిరిగిరాలేదు. 1924లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించింది.

ఆ ముగింపు బాధాకరమే. కాని మిత్రుడు వేళాకోళంగా ఇచ్చిన పడవను స్లోకం పనికిరాని కట్టెగా చూడలేదు, తననూ అలా చూసుకోలేదు. ఆవిరి యుగం అక్కరలేదన్న ఆ పాత విద్యే ఆయనను భూగోళం చుట్టూ తిప్పి ఇంటికి చేర్చింది.