త్రోసివేయబడినా ఆగని సేవ: మేరీ సీకోల్ జీవితము

యుద్ధభూమిలో గాయపడిన సైనికులకు సేవ చేసిన స్త్రీ అనగానే మనందరికీ ఫ్లారెన్స్ నైటింగేల్ జ్ఞాపకము వస్తుంది. అది న్యాయమే. అయితే అదే క్రిమియా యుద్ధములో నర్సుగా వెళ్ళడానికి దరఖాస్తు పెట్టుకొని, కాదనిపించుకొని, తన సొంత ఖర్చుతో వెళ్ళి పనిచేసిన మరొక స్త్రీ ఉన్నది. ఆమె పేరు మేరీ సీకోల్. ఆమె జీవితమును సంగ్రహముగా సంఘస్థుల ముందు ఉంచడమే ఈ వ్యాసము ఉద్దేశము.

మేరీ 1805లో జమైకా ద్వీపములోని కింగ్‌స్టన్ పట్టణములో జన్మించింది. తండ్రి స్కాట్లాండు దేశపు సైనికుడు. తల్లి ఆఫ్రికా సంతతి స్త్రీ. ఆ ద్వీపములో బానిసత్వము ఇంకా అమలులో ఉన్న దినములవి. అయినా ఈ తల్లి బానిస కాదు, స్వతంత్రురాలు. ఆమె ఒక వసతి గృహము నడుపుతూ, జబ్బుపడిన సైనికులకు నాటు మూలికలతో వైద్యము చేసేది. మేరీ చిన్నతనములోనే తల్లిని చూసి ఆ విద్య నేర్చుకొన్నది. మొదట బొమ్మకు, తరువాత కుక్కలకు, పిల్లులకు వైద్యము చేసి చూసేదట. 1836లో ఆమెకు వివాహమైనది. 1843లో పట్టణములో చెలరేగిన అగ్నికి ఇల్లు కాలిపోయింది. 1844లో భర్త మరణించాడు. కొద్ది కాలములోనే తల్లి కూడ కన్నుమూసింది.

అంత దుఃఖములోనూ ఆమె చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1850లో జమైకాలో కలరా వ్యాపించినప్పుడు రోగులను చూసుకొన్నది. 1851లో తమ్ముని చూడడానికి పనామా వెళ్ళగా అక్కడ కూడ కలరా వచ్చింది. ఆ ఊరిలో సరియైన వైద్యుడు లేడు. ఉన్నవారి వద్ద రుసుము తీసుకొని, లేనివారికి ఉచితముగా వైద్యము చేసింది. చివరకు తానూ ఆ జబ్బున పడి కోలుకొన్నది. ఆ కాలపు వైద్యులవలెనే ఆమె వాడిన మందులలో కొన్ని హానికరమని నేడు మనకు తెలుసు. కాని రోగి దగ్గర కూర్చొని, శుభ్రము చేసి, కాపు వేసి, త్రాగడానికి ఇచ్చే ఓర్పు ఆమెకు నిండుగా ఉండేది. 1853లో జమైకాలో పచ్చజ్వరము వచ్చినప్పుడు, సైనిక శిబిరములో రోగుల సేవ చూడమని అధికారులే ఆమెను కోరారు.

ఇటువంటి అనుభవముతో ఆమె 1854లో లండన్‌లో ఉన్నది. బ్రిటన్, ఫ్రాన్సు, టర్కీ ఒక ప్రక్క, రష్యా మరొక ప్రక్క యుద్ధము చేస్తున్నాయి. గుండు దెబ్బలకంటె జబ్బులవల్లనే ఎక్కువమంది సైనికులు చనిపోతున్నారని వార్తలు వచ్చాయి. జమైకాలో తనకు తెలిసిన పటాలములు కూడ అక్కడికి వెళ్ళాయి. అక్టోబరు 21న నైటింగేల్ 38 మంది నర్సులతో బయలుదేరింది. మేరీ తాను కూడ నర్సుగా వెళ్తానని యుద్ధ కార్యాలయమును అడిగింది. తన నైపుణ్యమును గూర్చి ఒక వైద్యుడు ఇచ్చిన యోగ్యతా పత్రము ఆమె దగ్గర ఉన్నది. ఒక శాఖవారు మరొక శాఖకు పంపారు. నర్సులను ఎంపిక చేస్తున్న మంత్రి సిడ్నీ హెర్బర్ట్ గారి భార్య ఇంటికి వెళ్ళి చాలసేపు కాచుకొన్నది. కావలసినవారు దొరికారని సమాధానము వచ్చింది. డిసెంబరులో రెండవ జట్టు వెళ్ళింది. అందులోనూ ఆమెకు చోటు లేదు. క్రిమియా సహాయ నిధివారిని కనీసము ఓడ ప్రయాణపు ఖర్చు అడిగింది. అదీ దొరకలేదు. చలికాలపు సాయంత్రము, లండన్ వీధిలో నిలబడి, తన చర్మపు రంగు చూసి కాదన్నారా అని ఆమె కన్నీరు విడిచింది. ఆమెకు అప్పటికి యాభై ఏండ్లు కావస్తున్నవి, ఆసుపత్రిలో పనిచేసిన అలవాటు లేదు. కారణము ఏదో చరిత్రకారులు ఇంకను చర్చిస్తూనే ఉన్నారు. గాయము మాత్రము ఆమెకే తెలుసు.

ఆమె వెనుకకు తిరిగిపోలేదు. భర్త బంధువైన థామస్ డే అను వర్తకునితో కలిసి 1855 ఆరంభములో ఓడ ఎక్కింది. దారిలో స్కుటారి ఆసుపత్రిలో నైటింగేల్‌ను కలిసి, ఒక రాత్రి అక్కడ తలదాచుకొన్నది. బాలక్లావా రేవులో, ఓడ కోసము కాచుకొన్న క్షతగాత్రులకు టీ కాచి ఇచ్చింది. తరువాత యుద్ధరంగమునకు దగ్గరలో పాత కొయ్యలు, ఇనుప రేకులు, పెట్టెచెక్కలతో బ్రిటిష్ హోటల్ అను భవనము కట్టించింది. అక్కడ భోజనము, సరుకులు అమ్మి, ఆ ఆదాయముతో మందులు సమకూర్చుకొన్నది. పోరు జరిగే చోటికి కట్లు, మందులు తీసుకొని వెళ్ళి, శత్రుపక్షపు రష్యా సైనికునికి కూడ కట్టు కట్టింది. సైనికులు ఆమెను అమ్మా అని పిలిచేవారు. ఆ హోటలులో సారాయి కూడ అమ్మేవారన్నది నిజమే. 1870లో నైటింగేల్ ఒక స్వంత ఉత్తరములో ఆమె దయను ఒప్పుకొంటూనే, ఈ సంగతిని గట్టిగా విమర్శించింది.

1856లో సంధి కుదిరింది. సైనికులు వెళ్ళిపోగా సరుకులు మిగిలిపోయి ఆమె దివాలా తీసింది. అప్పుడు ఆమెను మరువనివారు ఆ సైనికులే. 1857లో ఆమె సహాయార్థము లండన్‌లో నాలుగు దినములు ఉత్సవము జరిపారు. ఆమె ఆత్మకథ కూడ ఆ సంవత్సరమే వెలువడింది. అదే యేట మన దేశములో తిరుగుబాటు చెలరేగినప్పుడు, ఇక్కడికి వచ్చి సేవ చేయాలని కోరుకొన్నది గాని ఆ కోరిక నెరవేరలేదు. తరువాత ఆమె రోమన్ కథోలిక సభలో చేరింది. 1881 మే 14న లండన్‌లో మరణించింది.

ఆ పిమ్మట లోకము ఆమెను దాదాపు నూరేండ్లు మరచింది. 1973లో ఆమె పాడుబడిన సమాధిని బాగుచేయించడానికి పూనుకొన్నవారిలో జమైకా నర్సులు ఉన్నారు. 2016లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి ఆవరణలో ఆమె విగ్రహము నిలిపారు. నైటింగేల్ 1860లో నర్సుల పాఠశాల స్థాపించినది ఆ ఆసుపత్రిలోనే.

మన సంఘముల నుండి అనేకమంది ఆడపిల్లలు నర్సు శిక్షణకు వెళ్ళారు, సైనిక ఆసుపత్రులలోనూ పనిచేశారు. దరఖాస్తు తిరిగి వచ్చిన బిడ్డకు ఈ జీవితము ధైర్యము ఇస్తుంది. ఎంపిక చేసే బల్ల దగ్గర కూర్చునే మనకు మాత్రము ఇది ఒక హెచ్చరిక. పనికి సిద్ధపడి ఎదుట నిలిచినవారిని రంగును బట్టి, కులమును బట్టి, పేదరికమును బట్టి త్రిప్పి పంపితే, నష్టపడేది వారు మాత్రమే కాదు. సేవ కోసము మంచముమీద ఎదురుచూస్తున్న రోగి కూడ నష్టపోతాడు.