పానా పట్టిన చేతి చదువు: శ్రీ జి.డి. నాయుడు గారి జీవితం



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాసి ఇవ్వమని మన సంఘ కార్యవర్గం వారు కోరినప్పుడు నాకు ఎక్కువగా ఆలోచించవలసిన పని పడలేదు. దేశనాయకుల గురించి, కవుల గురించి రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా నట్లు, బోల్టులు, గ్రీజు డబ్బాల మధ్య గడిపినవాణ్ణి. కనుక ఆ వాసన తెలిసిన మనిషి గురించే రాస్తాను. ఆయన కోయంబత్తూరుకు చెందిన తెలుగువారు శ్రీ జి.డి. నాయుడు గారు. పూర్తి పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. ఆయనను భారతదేశపు ఎడిసన్ అని పిలిచినవారు ఉన్నారు. నా దృష్టిలో మాత్రం ఆయన అన్నిటికంటే ముందు సొంత బండిని సొంతంగా విప్పుకున్న మనిషి.

మన నిజామాబాద్, బోధన్ ప్రాంతం వారికి ఈ జీవితం పరాయిదిగా అనిపించదు. మంజీరా నదిపై నిజాంసాగర్ ఆనకట్టను 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేశారు. కాలువ నీరు వచ్చింది, చెరకు వచ్చింది, 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. వాటి వెంట ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు, పంపు డ్రైవర్లు వచ్చారు. క్రషింగ్ సీజను ముగిసిందంటే మిల్లు రోలర్లు, గేర్లు, పంపులు విప్పి, అరిగినవి మార్చి, మళ్ళీ బిగించేవారు. అలా ఏడాదికోసారి ఫ్యాక్టరీని విప్పి బిగించిన చేతులు ఇంటికి వచ్చాక ఊరుకుంటాయా? ఆదివారం నాడు వాకిట్లో వేపచెట్టు కింద గోనెపట్టా పరచి, చేతక్ స్కూటరు కార్బొరేటరో, అంబాసిడర్ కారు ప్లగ్గులో విప్పి కిరసనాయిలులో కడిగిన వారు మనలో ఎందరు లేరు! ఇంట్లో వారు కిరసనాయిలు అయిపోతోందని కసురుకుంటూనే ఉండేవారు, మనం ప్లగ్గు మొనను గరుకు కాగితంతో రుద్దుతూనే ఉండేవాళ్ళం.

ఇక నాయుడు గారి విషయానికి వస్తాను. ఆయన 1893 మార్చి 23న కోయంబత్తూరుకు దగ్గరలోని కలంగల్ గ్రామంలో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు. విజయనగర కాలం నుండీ తమిళదేశానికి తరలిపోయి, అక్కడి నల్లరేగడిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ వైపు చాలా ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. పిల్లవాడికి బడి ఒంటపట్టలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ఆగిపోయింది. పంతులు గారి కళ్ళలో మట్టి చల్లి పారిపోయేవాడని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. చదవడం మాత్రం ఆయన మానలేదు. పొలం పనుల మధ్య తనంతట తానే పుస్తకాలు చదువుకున్నారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక మోటారు సైకిలు. ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి రడ్జ్ కంపెనీ మోటారు సైకిలు మీద ఆ పల్లె వైపు వచ్చాడు. ఎద్దులూ గుర్రాలూ లేకుండా తనంతట తాను పరుగెత్తే బండిని చూసి యువకుడైన నాయుడు గారికి నిద్ర పట్టలేదు. అలాంటి బండి తనకూ కావాలి. చేతిలో పైసా లేదు. ఊరు విడిచి కోయంబత్తూరు వెళ్ళి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. కొన్నేళ్ళు కూడబెట్టిన జీతంతో చివరకు ఆ రడ్జ్ బండినే కొనుక్కున్నారు.

మరొకరైతే ఆ బండి ఎక్కి ఊరంతా తిరిగి వచ్చేవారు. నాయుడు గారు దాన్ని ముక్క ముక్కగా విప్పి మళ్ళీ బిగించారు. ఈ పని చేసిన వారికి ఇందులో ఉన్న కష్టం తెలుసు. విప్పడం పెద్ద విద్య కాదు, పానా ఉంటే ఎవరైనా విప్పుతారు. విప్పిన వరుస గుర్తుంచుకోవాలి. ఏ వాషరు ఏ బోల్టు కిందిదో, ఏది ఎంత బిగువుగా ఉండిందో చూసుకోవాలి. అన్నీ బిగించాక గోనెపట్టా మీద ఒక్క నట్టు మిగిలినా మళ్ళీ మొదటికి రావాలి. నేర్పే గురువు లేడు, చూసుకోవడానికి మాన్యువల్ లేదు. పొరపాటైతే కొన్నేళ్ళ సర్వరు జీతం మట్టిపాలు. అంత తెగించి నేర్చుకున్న చదువు కనుకనే అది ఆయనకు జీవితాంతం పనికివచ్చింది. ఆ తరువాత ఆయన మెకానిక్‌గా పనిచేశారు.

మధ్యలో పత్తి వ్యాపారం చేసి బాగా సంపాదించారు. బొంబాయి వెళ్ళి ఆ సంపాదనంతా పోగొట్టుకున్నారు. మళ్ళీ చేతి పనే ఆదుకుంది. కోయంబత్తూరులో పేరున్న స్టేన్స్ వారి సహాయంతో ఒక బస్సు కొని, 1920లో పొల్లాచ్చి నుండి పళనికి నడపడం మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 27 సంవత్సరాలు. బస్సు యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే, దారిలో ఆగిపోతే మెకానిక్కూ ఆయనే. ఆ ఒక్క బస్సు కొద్ది సంవత్సరాలలోనే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా ఎదిగింది. సమయపాలనకూ, శుభ్రతకూ ఆ బస్సులు పేరుపొందాయి.

మన ప్రాంతపు చరిత్రతో ఇక్కడ ఒక పోలిక చెప్పాలి. నిజాం రైల్వేల ఆధ్వర్యంలో హైదరాబాదు రాజ్యంలో 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా మొదలయింది. మన ఆర్టీసీకి మూలం అదే. ఇక్కడ ఒక ప్రభుత్వం తన బలంతో చేసిన పనిని, అక్కడ అంతకు పన్నెండేళ్ళ ముందే, సర్వరు ఉద్యోగం చేసిన ఒక మనిషి ఒకే బస్సుతో మొదలుపెట్టాడు. రెండూ గొప్పవే. అయితే రెండో దానికి పెట్టుబడి, ఒక మోటారు సైకిలును విప్పి చూసిన ధైర్యం.

1930లలో నాయుడు గారు ఐరోపా దేశాలు తిరిగారు. 1936 జనవరిలో లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను తన సొంత కెమెరాతో చిత్రీకరించారు. బ్యాటరీ సెల్స్‌తో నడిచే గడ్డం గీసుకునే రేజరును రూపొందించారు. దాని పేరు రాసంట్. పండ్ల రసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను వంటివి కూడా ఆయన చేసిన వాటిలో ఉన్నాయి. వస్తువు చిన్నదా పెద్దదా అన్న విచారణ ఆయనకు లేదు. రోజూ చేతికి తగిలే వస్తువు ఇంకొంచెం బాగా ఎందుకు ఉండకూడదు అన్నదే ఆయన పట్టుదల.

వీటన్నిటిలోకీ నేను గొప్పగా చెప్పుకునేది 1937 నాటి పని. ఆ సంవత్సరం కోయంబత్తూరు పక్కన పీళమేడులో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి విద్యుత్ మోటారు తయారు చేయించారు. మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారుగా దానికి పేరు. ఆ ప్రాంతంలో బావులు చాలా లోతు. 1930ల మొదట్లో నీలగిరులలోని పైకారా నుండి జలవిద్యుత్తు వచ్చింది. కరెంటు ఉంది, నీరు అడుగున ఉంది, మధ్యన కావలసింది మోటారు. అది విదేశాల నుండి దిగుమతి అయ్యేది. ఆ లోటు తీరడంతో కోయంబత్తూరు మోటార్లకూ పంపులకూ పుట్టిల్లయింది. మన దగ్గర కాలువ చివరి భూములలో బావి తవ్వుకున్న రైతులను అడగండి. కోయంబత్తూరు పంపు పేరు వినని వారు అరుదు.

చదువు విషయంలో ఆయన పోరాటం వేరే కథ. 1945లో ఆయన పూనికతో కోయంబత్తూరులో సర్ ఆర్థర్ హోప్ పేరున పాలిటెక్నిక్, ఇంజనీరింగు కళాశాల వెలిశాయి. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ప్రాథమిక తరగతుల చదువు మాత్రమే ఉన్న నాయుడు గారు ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. నాలుగేళ్ళ ఇంజనీరింగు చదువులో చాలా భాగం వృథా అనీ, చేతితో పని చేయిస్తూ రెండేళ్ళలోనే నేర్పవచ్చుననీ ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన ఆ పదవిని వదులుకున్నారు. ఆ కళాశాలే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా పేరు పొందింది.

ఈ తగవులో నేను పూర్తిగా నాయుడు గారి పక్షం కాదు. మన నిజాంసాగర్‌ను తీర్చిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ గారు ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలలో చదివిన ఇంజనీరు. అంతటి ఆనకట్ట నీటి ఒత్తిడిని పానా పట్టుకుని లెక్క కట్టలేము, దానికి పుస్తకం కావాలి. కానీ ఆ ఆనకట్ట గేటు వర్షాకాలం అర్ధరాత్రి మొరాయిస్తే పుస్తకం ఒక్కటే దాన్ని ఎత్తదు. చప్పుడు విని ఎక్కడ పట్టిందో చెప్పగల మనిషి కావాలి. మన ఆఫీసులలో మొదటి రకం వారికి హోదా, రెండో రకం వారికి కేవలం అవసరం ఉన్నంతసేపు మర్యాద దక్కాయి. నాయుడు గారు కోపంతో మాట్లాడింది ఈ తేడా గురించేనని నా నమ్మకం.

1952లో ఆయన మరో సాహసం చేశారు. ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును తయారుచేసి, 2,000 రూపాయలకు ఇవ్వవచ్చునన్నారు. అవి ఏ పరిశ్రమకైనా ప్రభుత్వ లైసెన్సు ఉండవలసిన రోజులు. ఆ కారుకు అనుమతి రాలేదు, తయారీ సాగలేదు. లక్ష రూపాయల కారని 2008లో నానోను చూపించినప్పుడు దేశమంతా ఆశ్చర్యపోయింది. సామాన్యుడికి అందే కారు అన్న ఆలోచన అంతకు 56 ఏళ్ళ ముందే, ఒకప్పుడు హోటల్లో పళ్ళాలు అందించిన మనిషికి వచ్చింది. ఆ కారు రోడ్డు మీదకు వచ్చి ఉంటే ఎంతకాలం నడిచేదో ఎవరూ చెప్పలేరు. రోడ్డు మీద పరీక్షకు నిలిచే అవకాశమైనా దానికి దక్కి ఉండవలసింది.

1967లో ఆయన తన యంత్రాలను, దేశదేశాల నుండి తెచ్చిన వస్తువులను ప్రజలు చూడడానికి పారిశ్రామిక ప్రదర్శనశాల ఏర్పాటు చేశారు. 1974 జనవరి 4న, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. కోయంబత్తూరు ఆయనను మరవలేదు. ఆయన కుటుంబ సంస్థ 2015లో పాత కార్ల మ్యూజియం ప్రారంభించింది. 2025 అక్టోబరులో అవినాశి రోడ్డు మీద తెరిచిన 10 కిలోమీటర్ల పైవంతెనకు ఆయన పేరే పెట్టారు. ఆ వైపు యాత్రలకు వెళ్ళే మిత్రులు పళనితో పాటు ఒక పూట ఆ ప్రదర్శనశాలకూ కేటాయించండి. మనవలను తప్పక తీసుకువెళ్ళండి.

ఆ 2015 సంవత్సరమే డిసెంబరులో మన బోధన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఇనుము తుప్పు పట్టడం అందరికీ కనిపిస్తుంది. ఆ ఇనుమును నడిపిన వారి చేతి విద్య ఇంట్లో మంచం మీద కూర్చుని తుప్పు పట్టడం ఎవరికీ కనిపించదు. బేరింగు మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడికి చెవి పెట్టి రోగం చెప్పగల వారు మన సంఘంలోనే ఉన్నారు. వారు వెళ్ళిపోతే ఆ విద్య ఏ రికార్డులోనూ దొరకదు.

ఇప్పటి కార్లు కంప్యూటర్లతో నడుస్తాయి, మనం ముట్టుకునేది ఏమీ లేదని పిల్లలు అంటారు. అది సగమే నిజం. ఇంజన్ ఆయిలు మట్టం చూడడం, టైర్లలో గాలి కొలవడం, బ్యాటరీ కొనల మీద పేరుకున్న తెల్లటి బూజు తుడవడం, గాలి ఫిల్టరు దులపడం, వైపరు రబ్బరు మార్చడం ఇప్పటికీ ఇంటి వాకిట్లోనే చేసుకోవచ్చు. మూడు విషయాలు మాత్రం పిల్లలకు ముందే చెప్పాలి. ఒట్టి జాకీ మీద నిలిపిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తిప్పకూడదు. కరెంటు కార్లలో నారింజ రంగు తీగలను అసలు ముట్టకూడదు.

మనవడు సైకిలు చైను పడిపోయిందని వస్తే వెంటనే మనం వేసి ఇవ్వకుండా, పానా వాడి చేతికిచ్చి పక్కన కూర్చుందాం. చేతులు నల్లబడితే సబ్బు ఉంది. నాయుడు గారికి ఆ పాటి తోడు కూడా లేదు. మన పిల్లలకు మనం ఉన్నాము.