డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

శ్రీకాకుళ విజయనగర మండలములలో బోదకాలు నివారణకై యింటింట పంచిన మాత్రను మ్రింగినవా రనేకులు. ఆ యౌషధము 1947వ సంవత్సర ప్రాంతమున అమెరికాలో నొక తెలుగువాని పర్యవేక్షణమున వెలువడినదని యెఱిగినవారు కొలదిమంది. ఆ మహనీయుడు డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. వారి చరిత్రమును మన సంఘీయులకును పోషకులకును సంగ్రహముగా విన్నవింప దలచితిమి.

వారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. బాల్యమున దారిద్ర్య మనుభవించిరి. యౌవనారంభమున పితృవియోగము కలిగెను. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులో నుత్తీర్ణులైరి. అచ్చటి వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని యాగ్రహమునకు పాత్రులైరి, తుదకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను.

అంతకంటె ఘోరమైన యాపద మఱియొకటి సంభవించెను. సోదరు లిరువురు స్ప్రూ యను ప్రేగువ్యాధిచే స్వల్పవ్యవధిలో మరణించిరి. మన వైద్యగ్రంథములందలి గ్రహణీరోగమును బోలిన యీ వ్యాధియందు ప్రేగులు ఆహారసారమును గ్రహింపజాలవు. రోగి విరేచనములచే కృశించి రక్తహీను డగును. సుబ్బారావుగారును దాని వాతబడి, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనిరి. ఆ రోగమును జయింపవలెనను పట్టుదల వారిని వీడలేదు. విదేశవిద్యకు ధనము లేకుండ, మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థ సాహాయ్యము చేయుటకు మాట యిచ్చెను.

హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కుగారితో గూడి, 1925లో శరీరద్రవములందలి భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించిరి. పిమ్మట కండరములకు శక్తి నొసగు ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. యను పదార్థములను కనుగొనిరి. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు వెడలిరి. అచ్చట వారి బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా నిర్మించెను. స్ప్రూ రోగుల రక్తహీనతను మాన్పున దిదియే. వారి యాధిపత్యముననే డగ్గరుగారు కనుగొన్న ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ జాతికి మొదటిది. ఆ జాతి మందును ఫోలిక్ ఆమ్లమును గలిపి నేటికిని స్ప్రూ రోగమునకు వాడుచున్నారు. సోదరులను బలిగొన్న వ్యాధికి వారి శాలనుండియే విరుగుడు పుట్టినది.

కథ యంతటితో నాగలేదు. ఫోలిక్ ఆమ్లము లేనిదే కణములు వృద్ధిచెందవు. కావున దానిని బోలియుండి కణమును వంచించు అమినాప్టెరిన్‌ను ఆ బృందమే తయారుచేసెను. బోస్టనులో ఫార్బరుగారు 1947లో రక్తక్యాన్సరు సోకిన బిడ్డల కది యొసంగగా, కొందఱికి తాత్కాలికముగా వ్యాధి శమించెను. దాని సోదరౌషధమగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. ఫోలిక్ ఆమ్లమునకు దగ్గఱిదగు ఫోలినిక్ ఆమ్లము, పెద్దప్రేగు క్యాన్సరునందు ఫ్లోరోయురాసిల్ అను మందునకు బలము చేకూర్చుచున్నది.

1948 ఆగస్టులో, 53 సంవత్సరముల వయస్సున, సుబ్బారావుగారు న్యూయార్కులో దివంగతులైరి. స్వదేశమున నిరీక్షించిన ధర్మపత్ని శేషగిరిగారికి మరల పతిదర్శనము లభింపలేదు. ఈ జ్ఞానమునకు వెల చెల్లించినవారిలో ఆ సాధ్వియు నొకరని మేము తలంతుము.

సంఘపోషకులకు మా మనవి యొక్కటియే. విద్యానిధి నుండి వేతనము లొసగునపుడు మొదటి తరగతి మార్కులనే చూడవలదు. రెండుమారులు తప్పిన బాలునకును, పట్టుదల గలవాడైనచో, ఒక పాలు కేటాయింపుడు. ఆనాటి దాతలు సుబ్బారావుగారి మార్కులను లెక్కించి చేయి ముడిచియున్నచో లోకమున కెంత నష్టము వాటిల్లెడిదో యోచింపుడు.