సవర క్రియలో కర్మ స్థానము: గిడుగు రామమూర్తి పంతులుగారి కృషి

శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు సమీపముననున్న పర్వతాలపేటలో జన్మించిరి. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, అచటి కొండలలో నివసించు సవరలతో పరిచయము కలిగి, తెలుగు తెలిసిన సవర నొకనిని తమ యింట నుంచుకొని వారి భాషను నేర్చిరి. నాటికి ఆ భాషకు లిపి లేదు.

ముండా కుటుంబమునకు చెందిన సవరలో క్రియారూపము తెలుగువారికి కొత్తది. తెలుగులో 'నన్ను', 'నిన్ను' అను కర్మపదములు క్రియకు ముందు విడిగా నిలుచును. స్పానిషులో అట్టి సర్వనామములు సామాన్యముగా సమాపక క్రియకు ముందు విడిగాను, తుమర్థకమునకు పిదప దానితో కలిసియు నుండును. సవరలోనన్ననో, కర్మను తెలుపు పురుష ప్రత్యయము కాలబోధక ప్రత్యయమునకు పిదప క్రియనే అంటియుండును. నామరూపమైన కర్మయు కొన్నియెడల కురుచయై ధాతువునకును కాలప్రత్యయమునకును నడుమ చేరును. కావున విడిపదములు సేకరించిన చాలదు. వాక్యములను నిండుగా వినవలెను.

ఆ వినికిడియే పంతులుగారికి కొరవడెను. అడవులలో తిరిగి మలేరియా పాలై, క్వినైను సేవించుటచే వారికి చెవుడు వచ్చెను. అయినను పని విడువక, సవర బాలురకు బడులు పెట్టించి, వాచకములు వ్రాసిరి. వారి సవర వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసులో అచ్చయినవి. 1940 జనవరి 22న వారు దివంగతులైరి.

తెలుగునాట వారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా స్మరించుట పరిపాటి. నోటి వాడుకయే వ్యాకరణమునకు ప్రమాణమను వారి సిద్ధాంతమునకు ఈ సవర వ్యాకరణమును నిదర్శనమే.